బ్రిడ్జి ఎక్కకముందే గేరు దించాలి

సూరత్‌లో గేర్ల బండి నడిపే ముసలమ్మలు ఎందరున్నారో నాకు తెలియదు. మా గల్లీలో మాత్రం నేనొక్కదాన్నే. నడపకూడదని చెప్పినవాళ్ళయితే గల్లీ నిండా ఉన్నారు. వాళ్ళలో సగం మందికి ఏ గేరు ఎప్పుడు వెయ్యాలో తెలియదని ఇప్పుడు నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. చదివింది మూడో తరగతి దాకానే. అక్షరాలు వంకర పోతే పోనీ, ముచ్చట వంకర పోదు.

మాది సిరిసిల్ల దిక్కు. పెళ్ళయిన కొత్తలోనే ఆయన వెంట సూరత్ వచ్చాను. ఆయన సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడపడానికి వచ్చి, పోనుపోను వాటిని బాగుచేసే మాస్టరయ్యాడు. నేను అదే కార్ఖానాలో కండెలు చుట్టాను, మనిషి రాని రోజున సాంచ కూడా పట్టాను. ఇప్పుడు సూరత్‌లోనే భేస్తాన్ దిక్కు ఉంటున్నాం: ఆయన, నేను, కొడుకు, కోడలు, మనవరాలు. కార్ఖానా వదిలేశాక నేను చీరలకు లేసు కుట్టే పని పట్టుకున్నాను. సలాబత్‌పురాలో సేఠ్ దగ్గర చీరల మూట తెచ్చుకోవాలి, గల్లీలో నలుగురు ఆడవాళ్ళకు పంచాలి, మిగిలినవి నేను కుట్టాలి, కుట్టినవన్నీ మళ్ళీ మూట కట్టి సేఠ్‌కు అప్పజెప్పాలి. ఆ మూటను ఇక్కడ పోట్లా అంటారు.

పోట్లాను మోసేది ఆయన బండి. నాలుగు గేర్ల పాత బండి. కాలివేళ్ళతో తొక్కితే గేరు ఎక్కుతుంది, మడమతో తొక్కితే దిగుతుంది. ఆయన ముందు, నేను వెనక, నా ఒళ్ళో పోట్లా. ఏళ్ళ తరబడి అట్లాగే తిరిగాం.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలూ మాటా తిరిగొచ్చాయి గానీ ఎడమచేతికి పట్టు రాలేదు. చాయ్ గ్లాసు పట్టుకుంటాడు, క్లచ్ పట్టలేడు. బండి మెట్ల కింద నిలబడిపోయింది. నేను పోట్లా కోసం టెంపో మాట్లాడుకోవడం మొదలుపెట్టాను. మెడ విరిగేలా కుట్టేది మేము, తినేది టెంపోవాడు. ఆ లెక్క నాకు రోజూ గుచ్చుకునేది.

నా కొడుకు బట్టల మార్కెట్‌లో ప్యాకింగ్ పని చేస్తాడు. గేర్లు లేని స్కూటర్ మీద పోయొస్తాడు. ఒకనాడు పొద్దున చాయ్ తాగుతూ మెల్లగా మొదలుపెట్టాడు.

"అమ్మా, బాపు బండి అమ్మేద్దమే. గా కిమ్ ఊర్ల మిల్లుల పనిజేసే మనోడొకడు అడుగుతాండు. ఊకెనే తుప్పు వడ్తాంది."

"తుప్పెందుకు వడ్తది? నేను నడుపుత."

వాడికి చాయ్ పొలమారింది. దగ్గి దగ్గి, "నువ్వా? గేర్ల బండా?" అన్నాడు.

"నేనే. గేర్ల బండే. ఇంట్ల లేని బండి ఎట్లా నడుపుత?"

"స్కూటరంటే వేరు ముచ్చట. గేర్లు గీర్లు నీతోని కావే. నలుగురు నవ్వుతరు."

"నవ్వితె నవ్వనీ. నవ్వుడుకు కిరాయి అడుగరు కదా. టెంపోడు అడుగుతడు."

మనవరాలు పుస్తకాల సంచి సర్దుకుంటూ చప్పట్లు కొట్టింది. "బాపమ్మ బైక్ చలాయేగీ! పప్పా, లగా లో శర్త్!" దానికి తెలుగు, హిందీ, గుజరాతీ అన్నీ ఒకే నోట్లో ఉడుకుతుంటాయి. అది పందెం అనేసరికి కొడుక్కీ పట్టుదల వచ్చింది.

"సరే. దసరా దాకా చూస్త. గేర్ల బండికి లైసెన్సు తెచ్చుకున్నవా, బండి నీది. తేకపోతివా, మనోనికి తాళం ఇచ్చేస్త."

మొదటి సగానికి ఊ అన్నాను. రెండో సగానికి ఊ అనలేదు. వాడు గమనించలేదు.

కంప్యూటర్ ముందు గుర్తులు చూపించి అడిగే పరీక్ష మనవరాలి చలవతో గడిచింది. లర్నింగ్ కాగితం వచ్చింది. నేర్చుకునేటప్పుడు వెనక లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలన్నారు. ఆయనకు లైసెన్సు ఉంది, చెయ్యి లేదు. నాకు చెయ్యి ఉంది, లైసెన్సు లేదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి అవుతామని లెక్క చూసుకున్నాం.

కార్ఖానాలకు సెలవున్న రోజున షెడ్ల మధ్య గల్లీ ఖాళీగా ఉంటుంది. చీర గోచి పెట్టి బిగించి కట్టుకున్నాను. ఆయన హెల్మెట్‌లో పాత గుడ్డ కుక్కి నా తలకు సరిచేసుకున్నాను. కొత్తది కొనమన్నాడు కొడుకు. గుడ్డతో సరిపోయేదానికి కొత్తదెందుకు?

"ఇగో, చెవు పెట్టి ఇను," అన్నాడు ఆయన వెనక కూర్చుని. "సాంచ లెక్కనే. ఒకటే చప్పుడు ఉండాలె. చప్పుడు పెరిగితె పై గేరు వెయ్యి. గంతే."

ఆ ముక్క నాకు వెంటనే తలకెక్కింది. సాంచాల మధ్య బతికినవాళ్ళకు చెవే కన్ను. సాంచకు ఉన్నది ఒకటే చప్పుడు. అది కాస్త బరువెక్కిందంటే పట్టా వదులైనట్టో, కరెంటు తగ్గినట్టో, ఏదో ఇరుక్కున్నట్టో. అప్పుడు ఆలోచించడం ఉండదు. చెయ్యి దానంతటదే పోయి పిడి లాగేస్తుంది. సాంచ ఆగుతుంది. ఏమైందన్నది తర్వాత చూస్తాం. ఆపడం ఆలస్యమైతే బట్టలో చార పడుతుంది, చార పడితే కూలి కోస్తారు. ఈ పాఠం మాకు తలలో ఉండదు, వేళ్ళలో ఉంటుంది.

ఇంకో పాఠం గల్లీ అంతా నేర్పింది. తొందరగా నాలుగో గేరులో పడెయ్యాలి, ఇక తియ్యొద్దు, పెట్రోలు తక్కువ తాగుతుంది. ఈ మాట అనని మగవాడు మా గల్లీలో లేడు. పెట్రోలు మిగులుతుందంటే నాకు మాత్రం చేదా? ఖాళీ గల్లీలో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గబగబా తొక్కేసి, నాలుగులో నత్తలా పోయేదాన్ని. ఎంత పొదుపు చేస్తున్నానో అని లోలోపల మురిసిపోయేదాన్ని.

రోడ్డెక్కాక తెలిసింది. మా భేస్తాన్ రోడ్డు మీద ముందు రిక్షా, పక్కన చీరల తోపుడుబండి, ఎదురుగా అడ్డదిడ్డంగా టెంపో, వీటన్నిటి మధ్య తీరిగ్గా ఆవు. నడక వేగంలో నాలుగో గేరు. ఇంజను ఎక్కిళ్ళు పెట్టింది. ట్యాంకు గడగడ వణికింది. చప్పుడు బరువెక్కింది. అంతే, నా ఎడమచెయ్యి క్లచ్ మొత్తం లాగేసింది, కుడిచెయ్యి రేసు మూసేసింది. సాంచ ఆగినట్టే బండి ఆగిపోయింది, నడిరోడ్డు మీద.

వెనక హారన్లు. ఒక రిక్షావాడు తల బయటపెట్టి, "ఏ మాజీ! ఘర్ మే బైఠో నా!" అన్నాడు, ఇంట్లో కూర్చోరాదా అని.

"తేరే ఘర్ మే బైఠూఁ క్యా? చాయ్ పిలాయేగా?" అన్నాను, నీ ఇంట్లో కూర్చుంటే చాయ్ పోస్తావా అని. వాడు తల లోపలికి పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి ఎన్నిసార్లు ఆగిందో రాయను. మా గల్లీలో సాంచాల నుంచి వచ్చి బండి నేర్చుకున్న మగవాళ్ళందరికీ ఇదే జరిగిందని మాత్రం తర్వాత తెలిసింది. ఒక్కొక్కడి పిక్క మీద సైలెన్సర్ కాలిన మచ్చ ఉంటుంది. అడిగితే బండిది తప్పంటారు, రోడ్డుది తప్పంటారు, ఆవుది తప్పంటారు. తమ వేళ్ళది తప్పని ఒక్కడూ అనడు.

ఆయన వెనక కూర్చుని ఒక పద్ధతి కనిపెట్టాడు. కుడి భుజం తడితే పై గేరు, ఎడమ భుజం తడితే కింది గేరు. ముసలిది ముందు, ముసలోడు వెనక, భుజాల మీద దరువు. గల్లీ అరుగుల మీద కూర్చున్నవాళ్ళకు మంచి కాలక్షేపం దొరికింది.

"ఏమొదినా, మా అన్నను ఎనుక గట్టుకొని ఎటు వోతానవ్?" అని అడిగింది లేసు కుట్టే ఒకామె.

"మీ అన్న నన్ను గిన్నేండ్లు ఎనుక గట్టుకొని తిరిగినప్పుడు ఎవలన్న అడిగిన్రా?"

"అదేం మాటొదినా, మొగోళ్ళు ముందట కూసుంటరు గదా!"

"క్లచ్చు పట్టేటోళ్ళు ముందట కూసుంటరు. పట్టరాకపోతె ఎనుక కూసుంటరు. నీకు లేసు ఇయ్యాల్నా, ముచ్చట చెప్పాల్నా?"

ఆయన నా ఎడమ భుజం తట్టాడు. ముందర గుంత ఉంది.

బ్రిడ్జి దగ్గర మాత్రం ఏ మాటా పనికిరాలేదు. మేం సలాబత్‌పురా పోయే దారిలో ఒక ఎత్తయిన బ్రిడ్జి ఉంది. మొదటిసారి పోట్లాను ట్యాంకు మీద నా ముందు పెట్టుకుని తిరిగి వస్తున్నాం. సేఠ్ నన్ను చూసి, "అరే మాసీ, ఖుద్ చలాకే ఆయీ?" అని, నేనే నడుపుకొచ్చానా అన్నట్టు నోరు తెరిచి, ఇంకో రెండు కట్టలు ఎక్కువే వేశాడు. ఆ గొప్పతో నాలుగో గేరులోనే బ్రిడ్జి ఎక్కించాను. సగానికి వచ్చేసరికి బండి మూలగడం మొదలుపెట్టింది. ఆయన ఎడమ భుజం తట్టాడు, తట్టాడు, బాదాడు. నా చెయ్యి మాత్రం దానికి తెలిసిన పనే చేసింది. క్లచ్ లాగింది, రేసు మూసింది. బండి వెనక్కి జారింది. బ్రేకు తొక్కి, రెండు కాళ్ళూ ఆనించి నిలబడ్డాను. వెనక బస్సువాడు కేకలు. ఆయన దిగి, పనికిరాని చెయ్యి నడుముకు ఆనించుకుని, పనికొచ్చే చేత్తో బండిని తోశాడు. పై దాకా తోసుకుంటూ పోయాం. పోట్లా జారుతుంటే నేను మోచేత్తో ఆపుకున్నాను.

ఇంటికొచ్చేసరికి ఎవడో చూసి కొడుక్కు చెప్పేశాడు. "మనోనికి ఫోన్ జేస్త," అన్నాడు వాడు.

"దసరా ఇయ్యాల్నేనా?" అన్నాను.

మర్నాడు నేను బండి ముట్టలేదు. కుట్టాల్సిన చీరలు సంచిలో పెట్టుకుని బస్సెక్కి, బ్రిడ్జి మొదట్లో దిగాను. చెరకురసం బండి నీడన గోనె పరచుకుని కూర్చున్నాను. రెండు పనులు ఒక గంటలో అయ్యేటప్పుడు ఒకటే చెయ్యడం దండుగ. కళ్ళు సూది మీద, చెవులు రోడ్డు మీద.

బ్రిడ్జి ఎక్కే ప్రతి బండినీ విన్నాను. చూడలేదు, విన్నాను. కొన్ని బండ్లు నున్నగా వచ్చి, ఎత్తు మొదలయ్యే ముందే ఒక్కసారి గొంతు పెంచుకుని, అదే గొంతుతో పైకి పోయాయి. కొన్ని అదే పోకడతో ఎత్తు మీదికి దూకి, సగంలో గొంతు పడిపోయి, అప్పుడు గేరు దించుకుని, కుదుపులతో ఏడ్చుకుంటూ పోయాయి. ముందే అరిచినవి తర్వాత మూలగలేదు. ముందు మౌనంగా ఉన్నవే తర్వాత మూలిగాయి.

చెరకురసం అతను చాలాసేపు చూసి, "మాసీ, కిసీ కా ఇంతజార్ హై?" అని అడిగాడు, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నాననుకుని.

"హాఁ, గేర్ కా," అన్నాను. పిచ్చిదనుకున్నట్టున్నాడు. పోయేటప్పుడు నీళ్ళు తాగడానికి గ్లాసు మాత్రం ఇచ్చాడు. రసం నేను అడగలేదు.

లేసు అంచు పూర్తయ్యేసరికి నాకు రెండు సంగతులు తెలిసొచ్చాయి. బరువు చప్పుడు వచ్చిందంటే ఆపమని కాదు, బరువు తగ్గించమని. గేరు దించితే బరువు తగ్గుతుంది. రెండోది, ఆ చప్పుడు వచ్చేదాకా కూర్చోవడమే తప్పు. ఎత్తు కనబడుతుంటే, ముందర టెంపో బ్రేకు దీపం వెలుగుతుంటే, మలుపు వస్తుంటే, బండి అడగకముందే దించాలి.

చెప్పడం తేలికే. చెయ్యడానికి నా పొదుపు బుద్ధే అడ్డం పడింది. మూడో గేరులో రేసు ఇస్తే ఇంజను గట్టిగా మాట్లాడుతుంది. ఆ గొంతు వింటే ట్యాంకులోంచి పెట్రోలు ధారగా కారిపోతున్నట్టు నాకు కడుపు కాలేది. ఆయనకు నాకన్నా ఎక్కువ కాలేది.

"ఒర్లుతాంది గదనే! నాలుగెయ్యి!" అని కుడి భుజం తట్టేవాడు.

"ఒర్లుత లేదు, మాట్లాడుతాంది. నువ్వు తట్టకు."

"పెట్రోలు ఏమైతదో ఎర్కేనా?"

"చూసినంక చెప్త."

నిజంగానే చూశాను. రోజూ ఇంటికొచ్చాక ట్యాంకు మూత తీసి, కడిగి ఆరబెట్టిన చీపురుపుల్ల ముంచి, తడి ఎంతదాకా వచ్చిందో గోటితో గాటు పెట్టేదాన్ని. నాలుగులో ఈడ్చుకుంటూ తిరిగిన వారం పుల్ల ఒకటి, గల్లీలో రెండు, రోడ్డు మీద మూడు, ఖాళీ దొరికితేనే నాలుగు వేసిన వారం పుల్ల ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెట్టి ఆయనకు చూపించాను. తాగుడులో తేడా లేదు. ఆగి, మళ్ళీ కిక్కు కొట్టి, రేసు పెంచి తాగించిన పెట్రోలు ఈ వారం మిగిలింది మరి. ఆయన పుల్లలను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. తర్వాత భుజాలు తట్టడం మానేశాడు గానీ, మానేస్తున్నానని చెప్పలేదు. మాస్టర్లు చెప్పరు.

దసరాకు ముందే పరీక్ష వచ్చింది. నేల మీద ఎనిమిది అంకెలా గీసి ఉంటుంది. దాని మీద కాలు కింద పెట్టకుండా తిరిగి రావాలి. వెనక ఎవరూ ఉండరు. నాకన్నా ముందు పోయినవాళ్ళంతా మీసాలు సరిగా రాని పిల్లలు. రెండో గేరు వేసుకుని మెల్లగా మొదలుపెట్టాను. పెద్ద మలుపు బాగానే తిరిగాను. లోపలి మలుపు దగ్గర వేగం పడిపోయింది, చప్పుడు బరువెక్కింది. ఎన్నాళ్ళు మొత్తుకున్నా వేళ్ళు పాతవే కదా. క్లచ్ మొత్తం లాగేశాయి. ఎడమకాలు నేల మీద పడింది. అక్కడి కంప్యూటర్ కూత కూసింది. వారం దాటాక మళ్ళీ రమ్మన్నారు.

ఇంటికొచ్చి ఫెయిలయ్యానని నేనే చెప్పాను. ఎవరూ కనుక్కుని చెప్పాల్సిన పని లేదు. కొడుకు ఆ ఆదివారం పొద్దున కిమ్ మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆ అబ్బాయి మంచివాడే. చెప్పులు బయట విడిచి, "బాగున్నరా పెద్దమ్మా?" అని పలకరించాడు. ఉండే గదికీ మిల్లుకూ దూరమట, బండి ఉంటే షిఫ్టుకు పోవడం తేలికట. బండి చుట్టూ తిరిగి, టైర్లు నొక్కి, "చాన దినాలు నిలవడ్డదంట గదా. ఎత్తుల మీద గుంజుతదా పెద్దమ్మా?" అన్నాడు.

"ఒక రౌండ్ కొట్టి చూడు తమ్మీ," అన్నాడు నా కొడుకు.

"తాళం నా కొంగుకున్నది," అన్నాను. "చూడాలంటె నేను చూపెడ్త. నీకు లైసెన్సున్నదా బిడ్డా?"

"ఉన్నది పెద్దమ్మా."

"అయితె ఎనుక కూసో."

అతను నా కొడుకు మొహం చూశాడు. నా కొడుకు నేల చూశాడు. గల్లీ అంతా గుమ్మాల్లోకి వచ్చింది.

ఒకటో గేరు మెట్ల ముందు నుంచి బయటపడేంత వరకే. అది కదలడానికి, బతకడానికి కాదు. గల్లీలో రెండు. పిల్లలు అడ్డం వస్తారు, కుక్కలు లేవవు, రెండులో ఉంటే రేసు మూస్తే చాలు, బండి తనే నిదానిస్తుంది. రోడ్డెక్కాక మూడు. కొంచెం దూరం ఖాళీ దొరికితే నాలుగు వేశాను, అతను వెనకాల ఊపిరి పీల్చుకున్నాడు. అంతలో దూరాన బ్రిడ్జి, దాని మొదట్లో టెంపోల గుంపు. ఇంకా చదునుగా ఉండగానే మడమతో మూడులోకి దించి రేసు ఇచ్చాను. బండి గొంతెత్తింది. ఎత్తనిచ్చాను.

సగం ఎత్తులో ముందర టెంపో ఉన్నట్టుండి నెమ్మదించింది. చప్పుడు బరువెక్కబోతోంది. నా ఎడమచేతి వేళ్ళు లేచాయి. అవి ఎందుకు లేచాయో నాకు తెలుసు. లాగాయి కూడా. కానీ ఈసారి కుడిచేత్తో రేసు మూయలేదు, మడమ ఊరుకోలేదు. రెండులో పడింది. క్లచ్ వదులుతూ రేసు ఇచ్చాను. బండి ఒక్క అరుపు అరిచి టెంపో పక్కనుంచి పైకి పోయింది.

"పైలం పెద్దమ్మా, పైలం పెద్దమ్మా," అంటూనే ఉన్నాడు వెనక.

"కండ్లు మూసుకోకు బిడ్డా, కొనేటోనివి. చూడాలె."

దిగేటప్పుడు మావాళ్ళు న్యూట్రల్ చేసి జారిపోతారు, అదొక పొదుపు. నేను మూడులోనే దించాను. గేరులో ఉన్న బండిని ఇంజనే వెనక్కి పట్టుకుంటుంది, బ్రేకులు అరగవు. బ్రేకులు కూడా డబ్బులతోనే వస్తాయి.

ఇంటి ముందు దిగి ఆ అబ్బాయి చేసిన పని నేను కలలో అనుకోనిది. నా కొడుకుతో, "అన్నా, ఇంజన్ మస్తున్నది. నేను చెప్పినదాని మీద ఇంకింత ఇస్త. ఇయ్యాల్నే తీసుకపోత," అన్నాడు. కొడుకు మొహం వెలిగిపోయింది. నేను బాగా నడిపి, నా బండికి నేనే ధర పెంచి పెట్టాను. గుమ్మాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"మాట ప్రకారం గదా అమ్మా," అన్నాడు కొడుకు మెత్తగా. "ఫెయిలైతివి. ఇగ తాళం ఇయ్యి."

"ఫెయిలైతె ఇస్తనని నేనెప్పుడన్న?"

"అనకపోతే ఏంది? గప్పుడు మాట అయింది గదా!"

"నీ మాట నువ్వన్నవ్. నా మాట నేనన్న. దసరా రాలే, నా రెండో పరీచ్చ కాలే."

వాడికి కోపం వచ్చింది. నా వైపు వదిలేసి తండ్రి వైపు తిరిగాడు. బండి కాగితాలు ఆయన పేరు మీదే ఉన్నాయి, సంతకం ఆయనే పెట్టాలి. "బాపూ, నువ్వు చెప్పు. బండి నీది. అమ్ముదమా వద్దా?"

ఆయన మెట్టు మీద కూర్చుని ఎడమచేతి వేళ్ళను కుడిచేత్తో ఒక్కొక్కటే విప్పుకుంటున్నాడు, డాక్టరు చెప్పినట్టు. తల ఎత్తలేదు.

"ముందట కూసున్నోళ్ళ నడుగు," అన్నాడు. "నేను ఎనుక కూసునేటోన్ని."

గల్లీలో ఎవరూ నవ్వలేదు. సాంచాల మాస్టరు, ఎంతోమందికి పని నేర్పినవాడు, నలుగురిలో ఆ మాట అన్నాడు. కిమ్ అబ్బాయి ముందు ఏడవడం నాకిష్టం లేదు.

"అమ్మేది లేదు," అన్నాను. "బిడ్డా, నీకు చాయ్ పెడ్త, తాగి పో. చాయ్‌కి పైసలు తీసుకోను."

అతను చాయ్ తాగాడు. పోతూ పోతూ, బ్రిడ్జి మీద మూడులోంచి రెండులోకి ఎట్లా దించావు పెద్దమ్మా అని అడిగాడు. చెప్పాను. అతనూ సాంచాల ఇంటి పిల్లవాడే, పిక్క మీద మచ్చ ఉంది.

కొడుకు నాతో మాట్లాడడం మానేశాడు. పైకి కోపం, లోపల అవమానం. నేను బుజ్జగించలేదు. ఆకలైతే తిన్నాడు, నిద్రొస్తే పడుకున్నాడు. రెండో పరీక్ష దగ్గరపడేసరికి చిక్కొకటి వచ్చింది. అక్కడిదాకా వెనక కూర్చోవడానికి ఆయన్ని వద్దన్నాను. గీత బయట నిలబడి చేతులు ఊపుతాడు, నా చెవి చెడిపోతుంది. ఇంకెవరికి లైసెన్సు ఉంది? కొడుక్కే.

"ఇయ్యాల ఒక్కనాడు రా," అన్నాను. "మాట్లాడక్కర్లే. కూసుంటె చాలు."

వచ్చాడు. హెల్మెట్ అద్దం దించేసుకుని, ఎవరికీ మొహం కనబడకుండా, నా వెనక బిగుసుకుని కూర్చున్నాడు.

ఎనిమిది గీత ముందు మళ్ళీ రెండో గేరే వేశాను. గేరుది తప్పు కాదు, తప్పు వేళ్ళది. సాంచకు ఉన్నవి రెండే: నడవడం, ఆగడం. బండికి మధ్యలో ఇంకోటి ఉంది, సగం క్లచ్. లోపలి మలుపు వచ్చింది. చప్పుడు బరువెక్కింది. ఎక్కితే ఎక్కనీ. వేళ్ళు లాగబోయాయి. సగానికే ఆపాను. కుడిచెయ్యి రేసు పట్టుకునే ఉంది. బండి వణికింది, పడలేదు, ఆగలేదు, గీత చుట్టూ పాకినట్టు పాకి బయటికొచ్చింది. కంప్యూటర్ కూత కుయ్యలేదు. కాళ్ళు రెండూ పెడల్స్ మీదే ఉన్నాయని దిగేటప్పుడే తెలిసింది.

బయట కొడుకు గోడకానుకుని నిలబడి ఉన్నాడు. నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. "అయ్యిందా?" అన్నాడు. వారం తర్వాత మొదటి మాట.

"అయ్యింది. ఇగ నా ఎనుక ఎవలు కూసోనక్కర్లే. నువ్వు బస్సుల పోవచ్చు."

వాడు నిజంగానే బస్సు స్టాపు వైపు చూశాడు.

"ఎటు చూస్తానవ్? టికెట్టు దండుగ. ఎక్కు."

ఎక్కాడు. దారంతా వాడి మోకాళ్ళు బిగిసే ఉన్నాయి. బ్రిడ్జి ముందు నేను మూడులోకి దించితే వెనకనుంచి, "నాలుగుల పోదా?" అని గొణిగాడు. గేర్లు లేని బండి నడిపేవాడు. నేను రేసు ఇచ్చాను. పైకెళ్ళాక వాడే ఊరుకున్నాడు.

మా గల్లీ మలుపు కనబడగానే భుజం మీదికి వంగాడు. "అమ్మా, గిక్కడ జర ఆపు. నేను నడుసుకుంట వస్త."

"ఎందుకు?"

"ఊకెనే."

అరుగుల మీద జనం నిండుగా ఉన్నారు, సాయంత్రం చాయ్ వేళ. వాడి సంగతి నాకు తెలియదా? తల్లి వెనక కూర్చుని గల్లీలోకి రావడం.

"ఆపితె మళ్ళ ఒకటిలకెల్లి మొదలువెట్టాలె," అన్నాను. "పెట్రోలు దండుగ."

మలుపు ముందే రెండులోకి దించి, గోడను రాసుకున్నట్టుగా తిప్పి, గల్లీ మధ్యనుంచి తీసుకుపోయాను. లేసు కుట్టే ఆమె సూది పట్టుకుని లేచి నిలబడింది. కొడుకు అద్దం ఎత్తుకున్నాడు, ఊపిరాడకనో ఏమో. ఎవరో వాడి పేరు పెట్టి పిలిచారు. వాడు చెయ్యి ఊపాడు. నేను రేసు తగ్గించలేదు, ఇంటి మెట్ల దాకా.